జిరాఫీని చూడటానికి ఎంత కట్టాలి?

శనివారం, ప్రయాణం

మా మనవరాలికి ఫిబ్రవరిలో పదేళ్లు నిండుతాయి. మనవడికి మార్చిలో మూడేళ్లు. మా ఫ్లోరిడా ప్రయాణాన్ని జనవరి చివరి వారంలో పెట్టించినవి ఈ రెండు పుట్టినరోజులే. అక్కడి డిస్నీ పార్కుల్లో మూడేళ్లు నిండని పిల్లలకు టిక్కెట్టు అక్కర్లేదు. 3 నుంచి 9 ఏళ్ల వరకు పిల్లల టిక్కెట్టు. పదో ఏడు వచ్చిందంటే పెద్దవాళ్ల లెక్కే. అరవై దాటిన వాళ్లకు తగ్గింపు ఏమీ లేదు, కాబట్టి మా ఇద్దరి వయసు లెక్కలోకి రాలేదు.

వయసు ఒక్కటే కాదు, తారీఖు కూడా ధరను మారుస్తుంది. 2018 అక్టోబరు నుంచి అక్కడ ఏ రోజు వెళ్తున్నామన్నదాన్ని బట్టి టిక్కెట్టు ధర ఉంటోంది. 2022 డిసెంబరు నుంచి ఒక రోజు టిక్కెట్టుకు నాలుగు పార్కులకూ నాలుగు ధరలు పెట్టారు. జంతువులున్న యానిమల్ కింగ్‌డమ్‌ది అన్నింటికన్నా తక్కువ, మ్యాజిక్ కింగ్‌డమ్‌ది అన్నింటికన్నా ఎక్కువ. ఆ మార్పు వచ్చినప్పుడు మొదటిదానికి 109 నుంచి 159 డాలర్లు, రెండోదానికి 124 నుంచి 189 డాలర్లు. ఆ తర్వాత ఇంకా పెరిగాయి. క్రిస్మస్ సెలవుల్లో ధర కొండెక్కి కూర్చుంటుంది. పిల్లలకు బడులు జరుగుతున్న జనవరి చివరలో దిగి వస్తుంది. అంటే సెలవుల్లో తప్ప కదలలేని కుటుంబాలే ఎక్కువ కట్టాలి. ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, మనవరాలిని నాలుగు రోజులు బడి మానిపించడానికి ఒప్పుకోవడం నాకు కష్టంగానే అనిపించింది. కానీ అమ్మాయీ అల్లుడూ వేసిన లెక్క చూశాక కాదనలేకపోయాను.

మా అమ్మాయి వాళ్లు ఉండే సెయింట్ లూయిస్ నుంచి ఫ్లోరిడాలోని టాంపాకు విమానం. దిగేసరికి సాయంత్రం. ఫ్లోరిడా అంటే వెచ్చగా ఉంటుందని అందరూ చెప్పారు గానీ, ఉత్తరం నుంచి చలిగాలి దిగి రెండు రోజులైందట. స్వెట్టర్లు తీయాల్సిన అవసరం రాలేదు. ఆ చలే మరునాడు మాకు మేలు చేసింది.

ఆదివారం, ఊరికే చూసినవి

టాంపాకు దక్షిణాన అపోలో బీచ్ దగ్గర ఒక విద్యుత్ కేంద్రం ఉంది. పేరు బిగ్ బెండ్. బొగ్గు మీద మొదలైన కేంద్రం. మా వారు పాల్వంచలో, కొత్తగూడెం థర్మల్ కేంద్రంలో ఉద్యోగం చేసి రిటైర్ అయిన మనిషి. దూరం నుంచి పొగగొట్టాలు కనిపించగానే కారులో ముందుకు వంగి కూర్చున్నారు. జంతువులను చూడటానికి వెళ్తూ థర్మల్ కేంద్రానికి ఎందుకు వచ్చామో అల్లుడు ముందుగా చెప్పలేదు.

యంత్రాలను చల్లబరచడానికి సముద్రపు నీటిని లోపలికి తీసుకుని, వేడెక్కాక ఒక కాలువలోకి వదులుతారు. శీతాకాలంలో సముద్రం చల్లబడగానే మానటీలు ఆ వెచ్చని కాలువలోకి వచ్చి చేరతాయి. సముద్రపు ఆవు అని చెప్పుకునే జంతువు ఇదే. పది అడుగుల పొడవు, నాలుగైదు క్వింటాళ్ల బరువు ఉంటుంది. గడ్డి మేసి బతుకుతుంది. నీరు 20 డిగ్రీల సెల్సియస్‌కు దిగువకు పోతే ఎక్కువ కాలం తట్టుకోలేదు. ఎవరూ తోలుకు రాలేదు, వాటంతట అవే వచ్చాయి. విద్యుత్ సంస్థ వాళ్లు 1986లో ఒక చూపు వేదిక కట్టారు. నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 వరకు తెరిచి ఉంటుంది. ప్రవేశం ఉచితం, పార్కింగ్ ఉచితం.

చెక్క వంతెన మీద నిలబడి కిందికి చూస్తే మొదట బూడిదరంగు బండరాళ్లు అనుకున్నాను. ఒక రాయి మెల్లగా పైకి తేలింది. రెండు ముక్కు రంధ్రాలు తెరుచుకుని, ఫూ అని గాలి వదిలి, మళ్లీ మూసుకున్నాయి. ఆ చప్పుడు నిద్రలో పసిబిడ్డ వదిలే నిట్టూర్పులా ఉంది. తర్వాత దాని వీపు కనిపించింది. వీపు మీద వరసగా ఆరు తెల్లని గీతలు, నాగలి చాలు తీసినట్టు, ఒకే ఎడంతో. పడవల అడుగున తిరిగే రెక్కలు కోసిన గాయాలట. మానిపోయాయి, మచ్చలు మిగిలాయి. మనవరాలు వాటిని వేలితో గాలిలో లెక్కపెట్టి, "అమ్మమ్మా, ఇది ఆరుసార్లు తప్పించుకుందా?" అని అడిగింది. పడవ ఒక్కటే, రెక్క ఆరుసార్లు తిరిగిందని వాళ్ల తాతయ్య చెప్పారు. ఆ తర్వాత ఆయనకు కాలువ నీటి గురించి, ఆవిరిని మళ్లీ నీరు చేసే కండెన్సర్ గురించి చెప్పడానికి ఒక గంట పట్టింది. ఆ పిల్ల మొత్తం విన్నది.

మధ్యాహ్నం ఊళ్లోని జంతు ప్రదర్శనశాలకు వెళ్లాం. పేరు జూ టాంపా. లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది. గాయపడిన మానటీలకు అక్కడ ఆసుపత్రి ఉంది. పొద్దున చూసిన ఆ మచ్చలు పచ్చి గాయాలుగా ఉన్నప్పుడు ఎలా ఉంటాయో అక్కడ తొట్టెల్లో చూశాం. చిన్న పిల్లలు ఎక్కే రంగులరాట్నం లాంటివి కొన్ని అదే టిక్కెట్టులో ఉన్నాయి. మనవడు ఒకటే గుర్రం మీద నాలుగుసార్లు తిరిగాడు. జూలో ఆటలు కలపడం అంటే ఇంత మేరకైతే నాకు అభ్యంతరం లేదు. పసివాడు అలిసిపోకుండా ఉన్నాడు, జంతువుల మీద నుంచి ఎవరి చూపూ మరలలేదు.

సోమవారం, బుష్ గార్డెన్స్

జంతువులూ ఆటలూ అసలు రెండూ కలగలిసిన చోటు, టాంపాలోని ఈ పార్కు. 335 ఎకరాల స్థలం. అందులో 65 ఎకరాలు సెరెంగెటీ మైదానం అని పేరు పెట్టిన పచ్చిక బయలు. జిరాఫీలు, చారల గుర్రాలు, జింకలు అక్కడ విడిగా తిరుగుతాయి. మిగతాదాంట్లో ఎటు తలెత్తినా ఉక్కు పట్టాలు మెలికలు తిరుగుతూ ఉంటాయి, వాటి మీద నుంచి జనం కేకలు వినిపిస్తూ ఉంటాయి.

ఈ పార్కు 1959 మార్చి 31న తెరిచారు. బీరు తయారుచేసే కంపెనీ తమ కర్మాగారం చూడటానికి వచ్చే వాళ్ల కోసం పక్కన తోట వేసి, పక్షులను పెంచింది. తొలి రోజుల్లో లోపలికి రావడానికి పైసా తీసుకునేవారు కాదు, పైగా వచ్చిన వాళ్లకు బీరు ఉచితంగా పోసేవారు. 1965లో జంతువుల మైదానం వచ్చింది. తర్వాత రోలర్ కోస్టర్లు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. కుంబా 1993లో, మోంటు 1996లో, షైక్రా 2005లో, చీటా హంట్ 2011లో, ఐరన్ గ్వాజీ 2022లో. కర్మాగారం 1995లో మూతపడింది. జిరాఫీ మేతకు ఒకప్పుడు బీరు తాగేవాళ్లు డబ్బు కట్టారు. ఇప్పుడు కోస్టర్ ఎక్కేవాళ్లు కడుతున్నారు. ఎవరో ఒకరు కట్టాలి, ఆ మాట నిజం. జిరాఫీ ఊరికే బతకదు.

అయితే కోస్టర్ ఎక్కని వాళ్లమూ అంతే కట్టాం. అల్లుడు నెల ముందే ఆన్‌లైన్‌లో కొన్నందువల్ల గేటు దగ్గరి ధర కన్నా బాగా తక్కువకు, ఒక్కొక్కరికి 75 డాలర్ల లోపు పడింది. కారు నిలపడానికి వేరే ముప్పై పై చిలుకు. మా వారికి మోకాళ్లు సహకరించవు, నాకు తల తిరుగుతుంది. మేమిద్దరం పొద్దంతా మైదానం చుట్టూ తిరిగే రైలులో మూడుసార్లు కూర్చున్నాం. ఆ రైలు టిక్కెట్టులోనే ఉంది. మెల్లగా పోతుంది. మూడో చుట్టులో ఒక చారల గుర్రం తన పిల్లకూ రైలుకూ మధ్య అడ్డంగా వచ్చి నిలబడింది. రైలు మొత్తం దాటే వరకు కదలలేదు. దాని మెడ మీద జూలు కూడా నలుపూ తెలుపూ చారలే. బ్రష్షు వెంట్రుకల్లా నిక్కబొడుచుకుని ఉంది. ఆ తల్లి నిలబడిన తీరు చూడటానికి పెట్టిన డబ్బు దండగ కాలేదని నాకు అనిపించింది.

అదే మైదానంలోకి తెరిచిన లారీలో తీసుకెళ్లి జిరాఫీకి చేత్తో ఆకులు తినిపించే యాత్ర ఒకటి ఉంది. దానికి విడిగా డబ్బు కట్టాలి. అంటే ఉక్కు పట్టాల మీద పదిసార్లు తిరగడం టిక్కెట్టులో భాగం. జంతువు దగ్గరికి వెళ్లడం మాత్రం అదనం. ఈ వరస తలకిందులుగా ఉండాలని నా అభిప్రాయం. జంతువుల కోసం వచ్చిన వాళ్లకు తక్కువ ధరలో ఒక గేటు, కోస్టర్ల కోసం వచ్చిన వాళ్లకు ఇంకొకటి ఉంటే ఎంతమంది ముసలివాళ్లు, ఎంతమంది చిన్న సంపాదనల వాళ్లు ఆ చారల గుర్రాన్ని చూడగలిగేవాళ్లు!

మనవరాలు తండ్రితో చీటా హంట్ ఎక్కి వచ్చింది. 48 అంగుళాల ఎత్తు ఉండాలి దానికి. ఈ పిల్ల దాటింది. బుగ్గలు ఎర్రబడి, జుట్టు చెదిరి, ఊపిరాడకుండా నవ్వుతూ వచ్చి నా పక్కన కూలబడింది. ఆ ఆనందాన్ని నేను తక్కువ చేయను. కాసేపటికి, "నువ్వు ఒక్కటి కూడా ఎక్కలేదు కదా అమ్మమ్మా, మరి నీ డబ్బు వాళ్లు వెనక్కి ఇస్తారా?" అని అడిగింది. ఇవ్వరని చెప్పాను. "అది న్యాయం కాదు" అన్నది.

అక్కడ నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటి చెప్పాలి. ఫ్లోరిడాలో నివసించే ఐదేళ్ల వరకు వయసున్న పిల్లలకు పేరు నమోదు చేయిస్తే ఏడాది పొడవునా ఉచిత ప్రవేశం ఇచ్చే కార్డు ఉంది. రైలులో మా ముందు వరసలో కూర్చున్న ఒక తల్లి తన ఇద్దరు పిల్లలకూ అది ఉందని, నెలకు రెండుసార్లు వస్తామని చెప్పింది. ఆ పిల్లలు జిరాఫీలను పేర్లు పెట్టి పిలుస్తున్నారు.

మంగళవారం, దారి

టాంపా నుంచి ఓర్లాండోకు ఎనభై అయిదు మైళ్లు. మూడు గంటలు పట్టింది, రోడ్డంతా కార్లే.

ఓర్లాండో దగ్గర కిసిమీ రోడ్డు పొడవునా "సగం ధరకే పార్కు టిక్కెట్లు" అని బోర్డులు పెట్టిన దుకాణాలు కనిపిస్తాయి. ఒకదాని ముందు ఆగాం. కౌంటరులో అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది. మాటల్లో తేలిన షరతు ఏమిటంటే, మరునాడు పొద్దున భార్యాభర్తలిద్దరూ ఒక హోటలుకు వెళ్లి, ఏడాదికి ఒక వారం చొప్పున విడిది గది కొనుక్కునే పథకం గురించి రెండు గంటలు వినాలి. విన్నాకే ఆ టిక్కెట్లు. కొనమని బలవంతం లేదంటుంది. కానీ ఒకరి తర్వాత ఒకరు వచ్చి, కాదన్న వాళ్లను వదలకుండా కూర్చోబెట్టుకున్న సంగతి అల్లుడి స్నేహితుడికి స్వయంగా అనుభవమట. పిల్లల సరదా చూపించి పెద్దవాళ్ల చేత సంతకం పెట్టించుకునే వ్యాపారం అది. ఇక్కడికి వచ్చే తెలుగువాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఆ కౌంటర్ల వైపు వెళ్లకండి.

రాత్రి గదిలో అల్లుడు మరునాటి యానిమల్ కింగ్‌డమ్ లెక్క చెప్పాడు. పెద్దవాళ్లకు 134, మనవరాలికి 129 డాలర్లు. నలుగురు పెద్దలకు 536, పిల్లది కలిపితే 665. ఆ ధరలో పన్ను కలిసి ఉండదు. 6.5 శాతం కలిపితే 708. పార్కింగ్ 30. మొత్తం 738 డాలర్లు. మన రూపాయల్లో అరవై వేల పైమాట. తిండి ఇంకా మొదలుకాలేదు. ఆ పార్కు తెరిచిన 1998లో పెద్దవాళ్ల టిక్కెట్టు 40 డాలర్లకు కాస్త పైన ఉండేది.

"ఎందుకు బాబూ ఇంత ఖర్చు, మేమిద్దరం గదిలో ఉంటాం, మీరు వెళ్లి రండి" అన్నాను. "మీరు చూడాలనే కదా అత్తయ్యా పెట్టుకున్నది" అన్నాడు. ఆ మాట మీద నేను ఇంకేమీ అనలేదు. కానీ నిద్ర పట్టలేదు.

1996లో మా బడి పిల్లలను ఖమ్మం జిల్లా నుంచి హైదరాబాదు జూకు తీసుకెళ్లాం. యాభై రెండు మంది. బస్సు కిరాయి, రెండు పూటల భోజనం, జూ టిక్కెట్టు అన్నీ కలిపి తలకు ఇంత అని లెక్క కట్టి మూడు వారాల పాటు వసూలు చేశాను. గుడ్డ సంచి నిండా నాణేలు. ఒక పిల్ల తల్లి కొంగు ముడి విప్పి ఇరవై రూపాయలు ఇచ్చి, పత్తి ఏరిన కూలి రాగానే మిగతాది ఇస్తానంది. ఇచ్చింది కూడా. ఆ మొత్తం ఖర్చులో జూ టిక్కెట్టు వాటా చాలా చిన్నది. ఆ చిన్నతనం వల్లే ఆ పిల్ల రాగలిగింది. లోపలికి వెళ్లాక సింహాల సఫారీ ఉంది. దానికి విడిగా టిక్కెట్టు. యాభై రెండు మందికి నా సంచిలో డబ్బు సరిపోదు. కొందరిని ఎక్కించి కొందరిని ఆపడం నా వల్ల కాదు. అందుకని ఎవరినీ ఎక్కించలేదు. సఫారీ బస్సు దుమ్ము లేపుకుంటూ వెళ్తుంటే మా పిల్లలు ఇనుప కమ్మీలు పట్టుకుని చూశారు. ఇప్పటికీ ఆ వరస నా కళ్లలో ఉంది. ఏది ఎక్కితే దానికే డబ్బు అనే పద్ధతి న్యాయంగా కనిపిస్తుంది గానీ, దానిలోనూ ఒక కమ్మీ ఉంటుంది.

బుధవారం, యానిమల్ కింగ్‌డమ్

1998 ఏప్రిల్ 22న, ధరిత్రీ దినోత్సవం నాడు తెరిచిన పార్కు ఇది. 580 ఎకరాలు. హైదరాబాదు నెహ్రూ జూ 380 ఎకరాలు కాబట్టి దానికి ఒకటిన్నర రెట్లు అనుకోవచ్చు. మధ్యలో 145 అడుగుల ఎత్తున జీవవృక్షం నిలబడి ఉంటుంది. లోపల ఉక్కు చట్రం, బయట సిమెంటు బెరడు. లక్షకు పైగా ఆకులు ఒక్కొక్కటీ మనుషులు అతికించినవే. కాండం నిండా మూడు వందలకు పైగా జంతువుల బొమ్మలు చెక్కారు. దగ్గరికి వెళ్లి చెయ్యి పెట్టి చూశాను. వేరులా కనిపించినది మొసలి, మొసలి తోకలా కనిపించినది మళ్లీ వేరు. ఎవరో శిల్పి కూర్చుని ఆ పొలుసులను ఒక్కొక్కటిగా గీశాడు. మన గుళ్ల మీద పేరు చెప్పకుండా పని చేసిన వాళ్లు గుర్తొచ్చారు.

పొద్దున్నే జంతువులు చురుకుగా ఉంటాయని అమ్మాయి తొందర చేసింది. గేటు తీయగానే నేరుగా కిలిమంజారో సఫారీ వరసలోకి వెళ్లాం. 110 ఎకరాల పచ్చిక, అడవి. తెరిచిన లారీలో ఇరవై నిమిషాల ప్రయాణం. ఇది టిక్కెట్టులోనే ఉంది. ఎవరినీ ఆపరు. హైదరాబాదులో కమ్మీల వెనుక నిలబడిన యాభై రెండు మందీ ఇక్కడికి రాగలిగితే అందరూ ఎక్కేవారు. కానీ వాళ్లు ఈ గేటు దాకా రాగలరా అన్నదే అసలు ప్రశ్న. పైగా ఇంకా డబ్బు కట్టిన వాళ్లకు పక్కనే వేరే వరస ఉంది. లైట్నింగ్ లేన్ అంటారు. మేము నలభై నిమిషాలు నిలబడ్డ చోట వాళ్లు ఐదు నిమిషాల్లో దాటిపోయారు. అదే జంతువు, అదే లారీ. మనవరాలు వాళ్ల వంక చూసింది, ఏమీ అడగలేదు.

దారి పక్కన బావోబాబ్ చెట్లు, ఆఫ్రికాలో పెరిగే లావుపాటి కాండం చెట్లు. కాంక్రీటుతో కట్టినవి అని డ్రైవరు చెప్పలేదు, మా అల్లుడు చెప్పాడు. లారీ నడిచే మట్టిబాట కూడా మట్టి కాదు. రంగు కలిపిన సిమెంటు తడిగా ఉన్నప్పుడు ఆకులూ చక్రాల గుర్తులూ అచ్చు వేశారట. గోల్కొండ నయాఖిల్లాలో అసలైన బావోబాబ్ ఉంది, హతియాన్ ఝాడ్ అంటారు. వందల ఏళ్ల నాటిది, కాండం లోపలి తొర్రలో మనుషులు దిగి నిలబడేంత పెద్దది. మనవరాలికి దాన్ని చూపిస్తానని మాట ఇచ్చాను.

మలుపు తిరగగానే లారీ ఆగింది. దారికి అడ్డంగా ఒక జిరాఫీ. డ్రైవరు ఇంజను ఆపేసింది. జిరాఫీకి తోచినప్పుడే మనం కదులుతాం అంది. అది నడుచుకుంటూ మా వైపు నుంచే వచ్చింది. మోకాలి మీద చర్మం మా ఊరి ముసలమ్మల మోచేతిలా ముడతలు పడి ఉంది. తల నా ఎత్తుకు దిగింది. కనురెప్పల వెంట్రుకలు వేలెడు పొడవు, కింది రెప్పకు కూడా. కంటిలో మా లారీ మొత్తం, చిన్నదిగా, వంపు తిరిగి కనిపించింది. ఏదో నములుతూనే ఉంది. మింగినది గొంతులోంచి కిందికి దిగుతుంటే ఆ ఉండ ఆ పొడవైన మెడ వెంట జారడం కనిపించింది. కాసేపటికి అదే ఉండ మళ్లీ కింది నుంచి పైకి వచ్చింది, నెమరుకు. మనవడు అంతసేపు నా కొంగు పట్టుకుని నోరు తెరిచి చూశాడు. వాడికి టిక్కెట్టు లేదు. ఆ ఉదయం ఆ లారీలో అందరికన్నా ఎక్కువ చూసినవాడు వాడే.

ఈ పార్కులో ఆసియా అని పేరు పెట్టిన భాగంలో ఆనందపూర్ అని ఒక ఊరు కట్టారు. అది ఎక్కడా లేని ఊరు, పేరు మాత్రం మనది. పాడుబడిన కోట గోడలు, వెలిసిన రంగుల చిత్రాలు, గుడ్డ ముక్కలు కట్టిన చెట్టు. ఆ గోడల మధ్య సుమత్రా పులులు. అద్దం అవతల మూడు అడుగుల దూరంలో ఒకటి పడుకుని, ముందు పంజాను నాకుతోంది. నాలుక గరుకుతనానికి వెంట్రుకలు ఒక వైపుకు దువ్వినట్టు పడుతున్నాయి. మా వారు గంటసేపు అక్కడి బెంచీ మీద నుంచి లేవలేదు. ఇక్కడ వరస లేదు, హడావిడి లేదు. కోస్టర్ల వైపు పరిగెత్తే వాళ్లు ఈ బాటను చూడకుండానే దాటిపోతున్నారు. ఎవరెస్టు అని పేరు పెట్టిన కోస్టరు కొండ మీది నుంచి కేకలు వినిపిస్తూనే ఉన్నాయి. పులి చెవి మాత్రం తిరగలేదు, అలవాటైపోయి ఉంటుంది.

అవతార్ సినిమాలోని లోకంలా కట్టిన పాండోరా వైపు అమ్మాయి వాళ్లు వెళ్లారు. 2017లో తెరిచిన భాగం. ఒక ఆటకు గంటన్నర నిలబడ్డారు, బాగుందన్నారు. మేము గొరిల్లాల దగ్గర కూర్చున్నాం.

నిజం చెప్పాలంటే ఆ రోజు నేను చూసిన పనితనానికి, జంతువుల ఒంటి నిగారింపుకు తక్కువ ధర పెట్టలేను. జంతువులను బాగా ఉంచడం ఖరీదైన పని. నా బాధ ధర ఎంత అన్నదాని మీద కంటే, దాన్ని ఎవరి మీద వేస్తున్నారు అన్నదాని మీద ఉంది. మన దగ్గర జూ వేరు, ఆటల పార్కు వేరు. హైదరాబాదులో వండర్‌లా 2016లో వచ్చింది, బహదూర్‌పురాలో జూ 1963 నుంచి ఉంది. రెండు గేట్లు, రెండు ధరలు. జూలో పెద్దవాళ్లకు వంద రూపాయల ప్రాంతంలో ఉంటుంది. సఫారీకి, రైలుకు విడిగా. రేపు ఎవరైనా ఈ రెండింటినీ కలిపి ఒకే గొప్ప పార్కు చేస్తామని, దానికి ఒకే గొప్ప టిక్కెట్టు పెడతామని వస్తే, జూ గేటు తక్కువ ధరకే విడిగా ఉంచమని నేను గట్టిగా అడుగుతాను. సఫారీకి బడి పిల్లలను ఉచితంగా ఎక్కించమని కూడా అడుగుతాను.

గురువారం

తిరుగు ప్రయాణం. మనవడికి జ్వరం. విమానంలో నా ఒడిలోనే నిద్రపోయాడు.

మరుసటి గురువారం, సెయింట్ లూయిస్

పిల్లాడు కోలుకున్నాడు. మనవరాలు బడికి వెళ్తోంది. మా వారూ నేనూ ఊళ్లోని జూకు వెళ్లాం. ఫారెస్ట్ పార్కులో ఉంది. నాలుగు నెలలుగా ఇదే ఊళ్లో ఉంటూ ఇప్పటికి వచ్చాం.

ఇక్కడ టిక్కెట్టు కౌంటరు లేదు. ప్రవేశం అందరికీ ఉచితం. లోపల చిన్న రైలుకు, రంగులరాట్నానికి డబ్బు తీసుకుంటారు, జూ స్థలంలో కారు పెడితే పార్కింగ్ కట్టాలి. మేము బయట రోడ్డు పక్కన కారు పెట్టి నడిచాం. 1904లో ఈ ఊళ్లో ప్రపంచ ప్రదర్శన జరిగినప్పుడు స్మిత్‌సోనియన్ సంస్థ ఇక్కడ ఒక పెద్ద పక్షుల పంజరం కట్టించింది. 228 అడుగుల పొడవు, 50 అడుగుల ఎత్తు. ప్రదర్శన ముగిశాక దాన్ని విప్పి వాషింగ్టన్ తీసుకెళ్లాలనుకున్నారు. ఊరివాళ్లు పోనివ్వలేదు. నగరం 3,500 డాలర్లు పెట్టి కొనుక్కుంది. ఆ పంజరం చుట్టూ పెరిగినదే ఈ జూ. 1916లో జనం ఓటు వేసి, తమ ఆస్తి పన్నులో ఒక చిన్న వాటా జూకు ఇస్తామన్నారు. 1971లో మళ్లీ ఓటు వేసి నగరం, చుట్టుపక్కల కౌంటీ (మన జిల్లా లాంటిది) కలిపి జూకు, మ్యూజియాలకు పన్ను వసూలు చేసే ఒక ఏర్పాటు చేసుకున్నారు. మా అమ్మాయి వాళ్ల ఇంటి పన్ను కాగితం మీద ఆ వాటా ఉంది, రాత్రి వెతికి చూశాను. ఇల్లు ఉన్నవాళ్లు కడుతున్నారు, లేనివాళ్లూ చూస్తున్నారు.

పంజరం ఇంకా ఉంది. ఇనుప వల కింద మనం నడిచే వంతెన. నూట ఇరవై ఏళ్ల ఇనుము. మా వారు ఒక రివెట్టు మీద చెయ్యి వేసి, "మంచి పని" అన్నారు.

పెంగ్విన్ల గది వెచ్చగా ఉంటుందేమో అనుకున్నాను. అది బయటి కన్నా ఏమంత వెచ్చగా లేదు. మనకూ వాటికీ మధ్య అద్దం లేదు, ఛాతీ ఎత్తు గోడ మాత్రమే. ఒకటి నీళ్లలోంచి ఎగిరి రాయి మీదకు వచ్చి ఒళ్లు విదిలిస్తే నా కళ్లజోడు తడిసింది.

బయటికి వచ్చేసరికి గేటు ముందు పసుపు రంగు బడి బస్సు ఆగింది. ఏడెనిమిదేళ్ల పిల్లలు దిగారు. లావుపాటి కోట్లు, రకరకాల టోపీలు. కొందరి బూట్లు కొత్తవి, కొందరివి అన్నల పాత బూట్లు, నడుస్తుంటే మడమ దగ్గర లేస్తున్నాయి. ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ముందు నిలబడిన టీచరమ్మ ఆ చలిలో చేతికి తొడుగు తీసేసి, వేలు చూపుతూ లెక్కపెడుతోంది. ఒకసారి అయ్యాక మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. నేను కూడా ఆమెతో పాటు పెదాలు కదిపాను. ఇరవై ఆరు. ఆమె భుజానికి మందుల పెట్టె ఒకటే ఉంది, డబ్బుల సంచి లేదు. అందరూ లోపలికి వెళ్లారు.